బియ్యం లారీ దిగిన విధంబెట్టిదనిన

"లోకంల ఎక్కిచ్చుడు ఎవనికైనా అస్తది. దించుడే విద్య!"

ఈ మహావాక్యం సెలవిచ్చినవాడు లింగమూర్తి. సెలవిచ్చిన చోటు సూరత్ రింగ్ రోడ్ మీద ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అరుగు. అక్కడ హమాలీల ముఠాకు ఆయన మేస్త్రీ. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మగ్గం పనికని వచ్చి, మగ్గాల మోత చెవులకు పడక, బట్టల మూటల కిందికి దూరాడు. అప్పటి నుంచి ఆయనకు రెండే పనులు: మూటలు దించడం, దించడం గురించి ఉపన్యాసం చెప్పడం. వయసు మీద పడేకొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరిగింది.

ఆయన ఉపాయాలు బజారంతా ప్రసిద్ధం. లారీ వచ్చి నిలబడగానే మిగతా మేస్త్రీలు అరుస్తారు, తిడతారు. లింగమూర్తి అలాంటి మోటు పనులు చేయడు. "చాయ్ అచ్చింది. గోడౌన్ల ఆ కొసకున్నది" అంటాడు. ఉత్త చేతులతో పోతే బాగుండదు కదా! తలా ఒక మూట ఎత్తుకుని ముఠా అంతా లోపలికి పరుగు. లోపల చాయ్ ఉండదు. "అరె, బయట పెట్టిన్రట" అంటాడు. మళ్లీ బయటికి. చాయ్ ఇలా లోపలికీ బయటికీ తిరిగేలోగా లారీ సగానికి దిగేది. మిగిలిన సగానికి ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు సేటుగారి కొత్తల్లుడు ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయి, "మీరు ముట్టుకోకండి అల్లుడుగారూ, ఇది మీ వల్ల అయ్యే పని కాదు" అని లింగమూర్తి హిందీలో ఎంతో మర్యాదగా మనవి చేసేవాడు. అంతే! జిమ్ములో పెంచిన కండలన్నీ చొక్కా విప్పి వచ్చేవి. మామగారు తలపట్టుకునేవాడు. లారీ ఖాళీ అయ్యేది.

ఇంతటి విద్వాంసుడికి కరోనా వచ్చి తాళం వేసింది. లోకానికి మూత పడింది, లింగమూర్తికి మూట పోయింది.

ముఠాలోని వాళ్లు ఒక్కొక్కరే రైళ్లు పట్టుకుని ఊళ్లకు పోయారు. లింగమూర్తి కూడా రైలుకు పేరిచ్చాడు. పిలుపు రాలేదు. ఆ సంగతి భార్య భూదేవికి తప్ప ఎవరికీ తెలియదు. లింబాయత్‌లో వాళ్లుండే గల్లీలో మాత్రం, "అందరు పోతే గీ సూరత్‌ను ఎవలు చూస్కోవాలె?" అని చెప్పుకున్నాడు. సూరత్ ఆయన్ని చూసుకుంటుందా లేదా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ గల్లీ నిండా తెలుగువాళ్లే. మగ్గాలు ఆగాయి, మిల్లులు ఆగాయి, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరించే పని కూడా ఆగింది. ఆగనిది ఒక్కటే: కుక్కర్ల విజిల్. ఎసట్లో గుప్పెడు నూకలు పోసి, మూత బిగించి, భూదేవి విజిల్ మీద విజిల్ వేయించేది. ఎదురింటి రాజమ్మ గడప మీదికి వచ్చి అడిగేది.

"ఏం వండినవే భూదేవీ, గన్ని విజిల్లచ్చినయి?"

"మటన్ అక్కా. జర ముదురుది దొర్కింది."

"మా ఇంట్ల గూడ గంతే. ఎంతకు ఉడుకుతలేదు."

లాక్‌డౌన్‌లో మటన్ కొట్లన్నీ మూసి ఉన్నాయన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికీ తెలుసు. మర్యాద అంటే అదే మరి! ఒక ఇంట్లో ఎండుమిరపకాయ ఒక్కటి నూనెలో వేస్తే, ఆ ఘాటుతో గల్లీ మొత్తం తుమ్మి, భోజనమైనట్టు చేయి కడుక్కునేది.

ఈ మర్యాదస్తులందరికీ ఒక సంఘం ఉంది. సంఘానికి అధ్యక్షుడు ఓంప్రకాష్. గల్లీ చివర నాలుగు మగ్గాల కార్ఖానా ఆయనది. మగ్గాలు ఆగినా ఆయన ఇస్త్రీ ఆగలేదు. తెల్లచొక్కా, దానికి తగ్గ తెల్ల మాస్కు వేసుకుని రోజూ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, మాస్కు కిందికి లాగి పుల్లతో పళ్లు కుట్టుకునేవాడు. లోపల ఏం తిన్నాడో ఆయన భార్య పద్మారాణికే తెలుసు. ఆమె బయట చెప్పే మనిషి కాదు.

అలాంటి రోజుల్లో ఆయనకు ఒక ఫోన్ వచ్చింది. చేసింది ఉషాదేవి అనే డాక్టరు. విజయవాడ వైపు ఆవిడ, ఊరికి అవతలి పక్క ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని. సూరత్‌లో ఉన్న తెలుగు డాక్టర్లూ, కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లూ కలిసి నిజామాబాద్ నుంచి ఒక లారీ సన్నబియ్యం తెప్పిస్తున్నారట. "మీ గల్లీలో పేదవాళ్లు ఎంతమంది ఉంటారండీ?" అని అడిగింది.

"పేదోళ్లా? మా గల్లీలనా!" అన్నాడు ఓంప్రకాష్, ఎవరో చెప్పు చూపించినట్టు.

"అయితే వేరేచోటికి పంపమంటారా?"

ఓంప్రకాష్ గొంతు వెంటనే మెత్తబడింది. "పంపుడెందుకమ్మా? మా సంఘం ఉన్నది గదా. మీ పేరు మీద మేము పేదోళ్లకు పంచుతం. మాకు సేవంటే పానం."

మర్నాడు సంఘం సమావేశమైంది. దూరం పాటించాలి కాబట్టి ఎవరి గడప మీద వాళ్లు నిలబడ్డారు. ఓంప్రకాష్ గల్లీ మధ్యలో కుర్చీ వేయించుకుని మైకు పట్టుకున్నాడు.

"డాక్టరమ్మ బియ్యం పంపుతున్నది. మనకంటే మనకు గాదు! మన చేతుల మీదికెళ్లి పేదోళ్లకు! మన గల్లీల పేదోళ్లు లేరని నేను ఫోన్లనే గట్టిగ చెప్పిన. ఉన్నరా? ఉంటే చెయ్యెత్తుండ్రి!"

సంఘం కోశాధికారి గణపతి చేయి కొంచెం లేచింది. గల్లీ మొత్తం అటు తిరిగింది. ఆ చేయి అలాగే పైకి పోయి నెత్తి గోక్కుంది.

"ఈ గల్లీయందు పేదలు లేరని తీర్మానించడమైనది!" అని ఓంప్రకాష్ ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకు కొంత బలం కావాలి కాబట్టి అవి ఎక్కువసేపు సాగలేదు.

*

లారీ వచ్చింది. డ్రైవరు మొండయ్య తలుపు తీసి దిగకముందే షరతు పెట్టాడు.

"నా పాసు పగటీలి దాకనే, పన్నెండు గొట్టంగనే ఖతం. గప్పటి దాక దించుకున్నరా మంచిదే, లేకుంటే బండి ఎట్లచ్చింది అట్లనే వాపస్ తోల్కపోత. పోలీసోళ్లు ఆపి క్వారంటైన్ల ఏస్తే నా పిల్లలను మీ సంఘం సాదుతదా?"

హమాలీలు ఎవరున్నారు? ఒక్కడూ లేడు. ఓంప్రకాష్ లింగమూర్తిని పిలిపించాడు.

"మేస్త్రీ! నీ విద్య చూపెట్టే టైమచ్చింది."

ఎన్నాళ్ల తర్వాతో తనను మేస్త్రీ అన్న పిలుపు విని లింగమూర్తి ఛాతీ నాలుగంగుళాలు లేచింది. లుంగీ బిగించి లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. టైరును తన్ని చూశాడు. టైరుతో ఆయనకేం పనో మొండయ్యకు అర్థం కాలేదు.

"మొదాలు సేవ" అన్నాడు. మైకు తీసుకుని, "పేదోళ్ల సేవ చేసేటోళ్లు ముంగటికి రాండ్రి! పుణ్యం!" అని పిలిచాడు.

గల్లీలో మగవాళ్లందరికీ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. ఒకాయనకు మోకాలు, ఒకాయనకు మెడ, గణపతికి రెండూ. రాజమ్మ మొగుడు ఏ నొప్పీ దొరక్క, "నాకు సెంటిమెంట్. గురువారం మూటలు ఎత్త" అన్నాడు. ఆవేళ మంగళవారం. నూకల గంజి తాగిన ఒంటితో బస్తా ఎత్తితే బస్తాతో పాటు తామూ కిందికొస్తామని అందరికీ తెలుసు. కానీ ఆకలి కంటే నడుంనొప్పి గౌరవమైన జబ్బు.

లింగమూర్తి చలించలేదు. "ఇగ ఫొటో" అన్నాడు. "బస్తా మోసినోళ్ల ఫొటో డాక్టరమ్మ గ్రూపుల పడ్తది! పెద్దపెద్దోళ్లు చూస్తరు!"

నొప్పులన్నీ మాయమయ్యాయి. లోపలికి పోయి తల దువ్వుకున్నవాళ్లు, పౌడరు రాసుకున్నవాళ్లు, పెళ్లిచొక్కా తొడుక్కున్నవాళ్లు లారీ ముందు వరుస కట్టారు. మొదటివాడు ఇద్దరి సాయంతో బస్తాను భుజం మీదికి ఎత్తించుకుని నవ్వాడు. ఫొటో పడింది. బస్తా మళ్లీ లారీలోకి పోయింది. రెండోవాడికీ అదే బస్తా, అదే భుజం, అదే నవ్వు. ఓంప్రకాష్ ఎడమ పక్క నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి తీయించుకున్నాడు. ఎండ నెత్తి మీదికి వస్తోంది. లారీ వచ్చినప్పుడు ఎంత నిండుగా ఉందో అంతే నిండుగా ఉంది. ఒక్క బస్తా మాత్రం పాపం, బాగా అలిసిపోయింది.

"గిట్లయితే నేను పోయి పండుకుంట" అన్నాడు మొండయ్య.

లింగమూర్తి ఆఖరి అస్త్రం తీశాడు. ఒక పాత తలుపు చెక్కను లారీకి ఏటవాలుగా ఆనించి, "మనిషితోని పనే లేదు! ఇట్ల పెడ్తే అట్ల జారి ఆడ ఆగుతది" అన్నాడు. ఇట్లా పెట్టాడు. బస్తా అట్లా జారింది. ఆడ ఆగలేదు. నేరుగా పోయి అధ్యక్షులవారి స్కూటరుకు గుద్దుకుని పగిలింది.

తెల్లటి బియ్యం గల్లీ అంతా పరుచుకుంది.

ఎవరూ బియ్యం వైపు చూడలేదు. అందరూ ఆకాశం వైపు చూశారు, వాన ఎప్పుడు పడుతుందో అంచనా వేస్తున్నట్టు. రాజమ్మ మెల్లగా వంగి కొంగులోకి గుప్పెడు తీసుకుంది. "పిట్టలకు" అంది. "అవునవును, పిట్టలకు" అంటూ ఇంకొకామె చేట తెచ్చింది. "పాపం, ఎండకాలం పిట్టలు ఏం తింటయి?" అంటూ గణపతి టోపీ తీశాడు. కాసేపట్లో నేల మీద గింజ లేదు. సూరత్ పిట్టల మీద అంత దయ ఆ గల్లీకి అంతకుముందు ఎన్నడూ లేదు.

గుమ్మంలో నిలబడి భూదేవి ఇదంతా చూసింది. మొగుణ్ని చూసింది. ఆయన ఇంకా చెక్క వంపును సరిచేస్తున్నాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని నేరుగా ఓంప్రకాష్ దగ్గరికి పోయింది.

"అన్నా, ఒక మాట. సంఘం రూంల ఎలుకలున్నయి గదా?"

"ఏడియి? మొన్ననే సిమెంట్ పోపిచ్చినం."

"ఉన్నయన్నా" అంది భూదేవి, ఒక్కొక్క అక్షరం నొక్కుతూ. "మస్తున్నయి. బియ్యం ఆడ పెడ్తే పేదోళ్లకు గింజ మిగలది. పేదోళ్లు దొర్కేదాక ఎవలింట్ల ఆళ్లు పైలంగ దాస్తేంది? అందరు మర్యాదస్తులే గదా."

ఓంప్రకాష్ నోట్లో పుల్ల ఆగిపోయింది. పుల్ల పారేసి మైకు తీసుకున్నాడు.

"ముఖ్య గమనిక! సంఘం గదియందు ఎలుకల బెడద దృష్ట్యా, పేదలు లభ్యమగు పర్యంతం, సదరు బియ్యాన్ని తాత్కాలికంగా మర్యాదస్తుల ఇండ్లయందు భద్రపరచవలెనని..."

వాక్యం పూర్తి కాలేదు. వినేవాళ్లు లేరు. అందరూ లారీ దగ్గరే ఉన్నారు.

అన్నదమ్ములు చెరో కొస పట్టారు. అత్తాకోడళ్లు చెరో కొస పట్టారు, మాట్లాడుకోని అత్తాకోడళ్లు కూడా. గణపతి రెండు నొప్పులతో రెండు బస్తాలు ఈడ్చాడు. రాజమ్మ మొగుడికి గురువారమూ గుర్తు రాలేదు, మంగళవారమూ గుర్తు రాలేదు. "లైన్ల రాండ్రి! నడుం గాదు, మోకాళ్లు వంచుండ్రి!" అని లింగమూర్తి కేకలు వేస్తున్నాడు. ఆయన్ని తోసుకుంటూ పోయారు. మొండయ్య ముట్టించిన బీడీ పూర్తి కాలేదు, లారీ ఊడ్చినట్టు ఖాళీ! ఓంప్రకాష్ ఇంట్లోకి అందరికంటే ఎక్కువ బస్తాలు పోయాయి. అధ్యక్షపదవికి భద్రపరచే బాధ్యత ఎక్కువ ఉంటుందని ఆయనే వివరించి, తన బస్తాల మీద సంతకం కూడా పెట్టాడు.

లింగమూర్తి ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది.

"భూదేవీ! గవి పేదోళ్ల బియ్యమే!"

"అవ్. దొర్కినంక ఇద్దాం. నువ్వు కూసో."

"ముట్టుకుంటే పాపం."

"ముట్టుకోకుంటే పురుగు వడ్తది. గది అంతకంటె పాపం."

కంచం ముందు పెట్టింది. తెల్లటి అన్నం మీద పచ్చిపులుసు పోసింది. లింగమూర్తి గోడ వైపు చూస్తూ ఒక ముద్ద తిన్నాడు. గోడ వైపు చూస్తూనే ఇంకోసారి పెట్టించుకున్నాడు. చివరికి వేళ్లు నాకుతూ, "గింత మంచి బియ్యం పేదోళ్లకెందుకే? ఖరాబ్ చేసుడు గాకపోతే" అన్నాడు. భూదేవి నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

ఆ పూట నుంచి గల్లీలో ముదురు మటన్ దొరకడం మానేసింది. మూడే విజిళ్లు. అన్నానికి అంతకంటే అక్కర్లేదు.

*

వానలు మొదలయ్యాయి. బజారు కొంచెం తెరిచారు, మళ్లీ మూశారు. మగ్గాలు ఒకరోజు ఆడితే వారం ఆగేవి. భద్రపరచిన బియ్యం మాత్రం ఏ రోజూ ఆగకుండా తగ్గుతూ వచ్చి, ఒక్కో ఇంట్లో అడుగంటింది. కుక్కర్లు మళ్లీ పొడుగ్గా కూయడం మొదలుపెట్టిన సమయంలో డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఓంప్రకాష్ గారూ, ఆదివారం నేనే వస్తున్నానండీ. పంపకం నా చేతుల మీదుగా చేద్దాం. మా గ్రూపులో అందరూ ఫొటోలు అడుగుతున్నారు. కాస్త దీనంగా ఉన్నవాళ్లు ఎవరైనా దొరికితే బాగుంటుంది."

ఫోన్ పెట్టేసి ఓంప్రకాష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు.

"మేస్త్రీ, మీ బస్తాలు పైలమేనా?"

"ఎక్కడియి అక్కడనే ఉన్నయి!" అన్నాడు లింగమూర్తి. "నీయి?"

"నాయి ఉండయా!"

ప్రతి గడప దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు. ఆ మధ్యాహ్నం ఉక్కలో కూడా గల్లీ మొత్తం తలుపులు బిగించుకుంది. లింగమూర్తి ఇంట్లో ఖాళీ సంచి స్నానాల దగ్గర తెరగా వేలాడుతోంది. భూదేవి దాన్ని విప్పి దులిపింది. చీరల అంచులు కత్తిరించగా మిగిలిన చిందీ, అంటే రంగురంగుల గుడ్డపీలికలు, మంచం కింద మూటలు మూటలుగా ఉంది. ఇద్దరూ కూర్చుని సంచిలోకి కూరారు.

"బరువు లేకుంటే దొరికిపోతం" అంది భూదేవి. "ఒక ఇటుక వెట్టాల్నా?"

"పిచ్చిదానా! బరువు బస్తాల ఉండదే, మోసేటోని మొఖంల ఉంటది" అన్నాడు లింగమూర్తి. ఇన్నాళ్లకు మళ్లీ తన విద్య పనికొచ్చిందని ఆయనకు కొంచెం సంతోషం కూడా కలిగింది. కూరేటప్పుడు ఒక్క బెంగే పట్టుకుంది: గల్లీ మొత్తంలో తామొక్కరే ఇలా తిని కూర్చున్నామని తెలిస్తే ఎంత సిగ్గు!

ఆదివారం ఊరేగింపు కదిలింది. ప్రతి ఇంటి నుంచీ బస్తాలు బయటికి వచ్చాయి. ఏం మూలుగులు, ఏం రొప్పులు! లింగమూర్తి దంతాలు బిగించి, మెడనరాలు ఉబ్బించి, మూడడుగులకొకసారి ఆగి గాలి పీల్చాడు. పక్కన చూస్తే గణపతి తనకంటే బాగా మూలుగుతున్నాడు. రాజమ్మ మాత్రం రెండు చంకల్లో రెండు బస్తాలు పెట్టుకుని చకచకా నడిచి, సగం దారిలో గుర్తొచ్చి, "అయ్యో, నా నడుమూ!" అంది. లింగమూర్తికి ఎక్కడో అనుమానం తగిలింది. బయటికి అనలేదు.

గల్లీ మొదట్లో బస్తాలన్నీ గుట్టగా పేర్చారు. ఇంతలో ఈదురుగాలి వీచింది. పై వరుసలో ఒక బస్తా మెల్లగా పక్కకు దొర్లి, కిందపడి, ఇంకా పోదామా అన్నట్టు నాలుగడుగులు పోయింది. అందరూ మళ్లీ ఆకాశం వైపు చూశారు. ఓంప్రకాష్ ఎంతో హుందాగా వెళ్లి దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఆ భంగిమలోనే డాక్టరమ్మకు స్వాగతం చెప్పాడు.

ఉషాదేవి కారు దిగింది. మాస్కు మీద ఇంకో మాస్కు, చేతిలో ఫోను. ఆమె వెనక మొండయ్య లారీ, టార్పాలిన్ కప్పుకుని వచ్చి ఆగింది.

ఓంప్రకాష్ మైకు అందుకున్నాడు. "అమ్మా, సూరత్ అంత గాలించినం. ఒక్క పేదోడు దొర్కలేదు! మా గల్లీల ఉండనే ఉండరు. మీ బియ్యం గింజ పోకుండ కంటికి రెప్పలెక్క కాపాడినం. గిది మా సంఘం నియ్యత్!"

చప్పట్లు మోగాయి.

"ఎంత మంచివాళ్లండీ మీరు!" అంది ఉషాదేవి. ఆమె కళ్లు చెమర్చాయి. "నిజం చెప్పొద్దూ, మీకు ఇబ్బందిగా ఉందేమో, పైకి చెప్పుకోలేకపోతున్నారేమో అనుకుని ఇంకో లారీ బియ్యం కూడా తెచ్చాను. ఇక అక్కర్లేదుగా! గోడాదరాలో మగ్గాల వాళ్లు అడుగుతున్నారు. అది అక్కడికి పంపించేస్తాను. ఈ బస్తాలు కూడా అందులోనే ఎక్కించేయండి."

చప్పట్లు కొట్టిన చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగాయి.

"గట్లెట్ల..." అన్నాడు ఓంప్రకాష్.

మొండయ్య దిగాడు. "నిలబడి చూసుడేంది? తొందరగ కానియ్యుండ్రి" అని విసుక్కుంటూ గుట్ట దగ్గరికి వచ్చాడు. లింగమూర్తి అడ్డం పడబోయాడు. "వద్దు మొండయ్యా! నీతోని గాదు, మస్తు బరువు!"

ఆ మాటకు మొండయ్యకు పౌరుషం వచ్చింది. అరచేతుల్లో ఉమ్ముకున్నాడు. కాళ్లు ఎడం పెట్టాడు. ఊపిరి బిగబట్టి, బలమంతా కూడదీసి, ఒక బస్తాను పైకి విసిరాడు. బస్తా ఆయన తల మీదుగా, లారీ మీదుగా ఎగిరి, కరెంటు స్తంభానికి తగిలి విచ్చుకుంది. ఎరుపు, పసుపు, నీలం, జరీ పీలికలు గాల్లో గింగిర్లు తిరుగుతూ గల్లీ అంతటి మీదా కురిశాయి. విసిరిన ఊపుకు మొండయ్య వెల్లకిలా పడ్డాడు.

ఒక పచ్చటి పీలిక వచ్చి అధ్యక్షులవారి భుజం మీద వాలింది.

"ఎలుకలు" అన్నాడు ఓంప్రకాష్.

మొండయ్య నేల మీది నుంచే అన్నాడు. "ఎలుకలు బియ్యం తిని చీరలు నేసిపోయినయా సారూ?"

"గా బస్తా అధ్యక్షునిది! దాని మీద ఆయన సంతకం ఉన్నది!" అని గణపతి అరిచాడు.

"మరి నీ దాంట్ల ఏమున్నదో చూద్దాం రా!" అని ఓంప్రకాష్ గణపతి బస్తా తాడు లాగాడు. నీలం పీలికలు. గణపతి కోపంతో రాజమ్మది లాగాడు. తెల్లవి. రాజమ్మ లింగమూర్తిది లాగింది. జరీ అంచులు. కాసేపు ఎవరు ఎవరిది లాగుతున్నారో తెలియలేదు. తన ఒక్కడిదే తప్పనుకున్న ప్రతివాడూ పక్కవాడి బస్తా చూసి మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత కొంచెం ఊరట పడ్డాడు. అందరి మోకాళ్ల దాకా గుడ్డపీలికలు.

ఉషాదేవి ఫోను ఎత్తి పట్టుకునే ఉంది. ఇన్నాళ్లూ గ్రూపు కోరిన ఫొటో ఎదురుగానే ఉంది, నలుగురు కాదు, గల్లీకి గల్లీ. ఆమె తీయలేదు. ఫోను చేతిసంచిలో వేసుకుంది.

"బియ్యం ఎప్పుడు అయిపోయాయి?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది అందరికీ.

పద్మారాణి గుంపు వెనక నుంచి ముందుకు వచ్చింది.

"అందరికంటె మాయే ముందుగల ఒడ్సినయమ్మా."

"రాణీ!" అన్నాడు ఓంప్రకాష్.

"నువ్వు జర ఊకో. గన్ని బస్తాలు మేమే తినలేదమ్మా. కార్ఖానల బిహారోళ్లు, ఒడియావోళ్లు చిక్కుకపోయిన్రు. రోజు నాతోని వండిచ్చి ఈయన ఆళ్లకు పంపిండు. ఎనక దర్వాజకెళ్లి, ఎవ్వలకు తెల్వకుండ. అధ్యక్షుని దగ్గరి పనోళ్లు ఆకలితోని ఉన్నరంటె ఇజ్జత్ పోతదట. ఆఖరికి మేము గంజి తాగినం. పుల్లతోని పండ్లు కుట్టుకున్నడు."

గల్లీలో దొంగతనం చేసి దొరికినవాళ్లున్నారు. దానం చేసి దొరికిపోయినవాడు ఓంప్రకాష్ ఒక్కడే. ఆయన తెల్లమాస్కు మీద రెండు కళ్లూ ఎక్కడ చూడాలో తెలియక తిరిగి తిరిగి, చివరికి నేల మీది పీలికల మీద ఆగాయి. లింగమూర్తికి నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

"మొండయ్యా, టార్పాలిన్ తీయి" అంది ఉషాదేవి. "ఇక్కడే."

"ఎవలు దించాలెనమ్మా?" అంటూ మొండయ్య లింగమూర్తి వైపు చూశాడు. "ఏం మేస్త్రీ? ఏమన్న ఉపాయం చెప్తవా, మళ్ల తలుపుచెక్క తెస్తవా?"

లింగమూర్తి నోరు తెరిచాడు. ఈలోగా లారీ వెనక వరుస కట్టడం అయిపోయింది. గీత గీయలేదు, పిలవలేదు, మైకు లేదు. గణపతి లారీ ఎక్కి అందిస్తున్నాడు. ఉషాదేవి కింద నిలబడి పేరు పేరునా ఇస్తోంది. మూలుగులు లేవు. తీసుకుంటున్నారు, ఇంటికి పోతున్నారు.

లింగమూర్తి చేతులు వెనక్కి కట్టుకుని వరుస పక్కన అటూ ఇటూ పచార్లు చేశాడు. "ఆఁ, మంచిగ పట్టుకో... పైలం..." అన్నాడు. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు. భూదేవి మోచేత్తో ఒక్కసారి పొడిచింది. పచార్లు కొడుతూ కొడుతూనే, తనకు తెలియనట్టు, ఆయన వరుసలోకి వచ్చాడు. ముందుకు జరిగాడు. డాక్టరమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"మీకేనా?" అంది ఉషాదేవి.

"నేను దించుడు మంచిగైతుందా లేదా అని చూడనీకి..." లింగమూర్తి చుట్టూ చూశాడు. "మాకే తల్లీ. మాకే."

చెప్పేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది.

"ఒక్కటి గాదు, రెండియ్యి."

వెనక నుంచి ఎవరో వీపు మీద తట్టారు. తిరిగి చూస్తే ఓంప్రకాష్. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, వరుసలో తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.

"జర జల్ది కానియ్యి మేస్త్రీ!" అన్నాడు కసురుతూ. "నీ ఎనక పేదోళ్లున్నరు!"